లెటీసియా ఎవరికి మారుమూల?

2008 జూన్ నుంచి 2013 నవంబరు దాకా, అమెజాన్ ఒడ్డున ఉన్న లెటీసియా పట్టణంలో పెద్దవీధి పట్టుకుని నడుస్తూ పోతే ఒకచోట గడియారం గంట ముందుకు జరిగేది. అక్కడ గోడ లేదు, కంచె లేదు. ఇటు పక్క ఆ వీధి పేరు అవెనీదా ఇంటర్నాసియోనల్, అటు పక్క అవెనీదా ద అమిజాదె. ఇటు కొలంబియా, అటు బ్రెజిల్ పట్టణం టబాటింగా. సూర్యుడు రెండు ఊళ్ళకూ ఒకేసారి నడినెత్తికి వస్తాడు. అయినా ఎక్కడో బ్రసీలియాలో కూర్చున్నవారు తమ దేశపు పడమటి కొసను రాజధానికి ఓ గంట దగ్గర చేయాలనుకున్నారు, చట్టం చేశారు. అయిదేళ్ళ తర్వాత పాత వేళే తిరిగి వచ్చింది. చిన్న విషయమే. కానీ లెటీసియా గురించి గత నూరేళ్ళుగా జరిగిన పెద్ద విషయాలన్నీ ఇదే తీరున జరిగాయని నా వాదం. ఆ ఊరిని మారుమూల అన్నది నది కాదు, రాజధానులు. మారుమూల అని పేరు పెట్టినవారే దాని గురించి కొట్లాడారు, గీతలు గీశారు, ఆ గీతలను కదిలే నీటి మీద గీశామన్న సంగతి మరిచిపోయారు.

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. కొలంబియా పటంలో దక్షిణాన, తోకలా అమెజాన్ దాకా దిగిన ఒక ముక్క ఉంటుంది. దాన్ని అమెజాన్ ట్రెపీజియం అంటారు. అటాకువారి నది కలిసే చోటు నుంచి లెటీసియా దాకా సుమారు 116 కిలోమీటర్ల ఒడ్డు, అంతే, అంత పెద్ద నదిలో కొలంబియా వాటా. ఆ ముక్క చివర లెటీసియా, అమజోనాస్ రాష్ట్రానికి ముఖ్యపట్టణం, జనాభా 50 వేలకు అటూ ఇటూ. దాన్ని ఆనుకుని టబాటింగా, ఇంకాస్త పెద్దది. ఎదురుగా నది మధ్యన పెరూ వారి సాంటా రోసా, మూడు వేలమంది దాకా ఉండే ఊరు, నిలువు కర్రల మీద కట్టిన ఇళ్ళు. గోదావరి ఒడ్డువారికి ఆ ఊరిని ఒక్క మాటలో చెప్పవచ్చు, అది లంక. లెటీసియా నుంచి బొగోటాకు ఆకాశమార్గాన వెయ్యి కిలోమీటర్ల పైమాటే, రోడ్డు లేదు. తారాపకా వైపు వేయడం మొదలుపెట్టిన రోడ్డు పాతిక కిలోమీటర్లు కూడా సరిగా సాగకుండానే అడవిలో ఆగిపోయింది. నది మీద మాత్రం ఎగువన పెరూలోని ఇకీటోస్‌కు, దిగువన బ్రెజిల్‌లోని మనౌస్‌కు పడవలు నిత్యం నడుస్తాయి. మూడు దేశాల పటాల్లోనూ ఈ చోటు కాగితం అంచున ఉంటుంది. నది పటం వేసి చూస్తే నడుమ ఉంటుంది.

ఈ నడుమతనం కొత్తది కాదు. యూరోపియన్లు రాకముందు ఈ నదీతీరం ఒమాగువాలది, లోపలి అడవి, వాగులు టికునాలవి. టికునా భాషకు నేడు బతికున్న ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు. ఆ భాష మాట్లాడేవారు ఇప్పటికీ మూడు దేశాల్లోనూ ఉన్నారు, ఎక్కువమంది బ్రెజిల్‌లో. 1680లలో స్పెయిన్ తరఫున వచ్చిన జెసూట్ మతగురువు సామ్యుయేల్ ఫ్రిట్జ్ ఒమాగువాల మధ్య మిషన్ ఊళ్ళు కట్టాడు. దిగువ నుంచి పోర్చుగీసు బానిస వేటగాళ్ళు వచ్చి ఆ ఊళ్ళను ఖాళీ చేశారు. అదే మొదటి సరిహద్దు తగాదా, దానికి మూల్యం చెల్లించింది సరిహద్దు అంటే ఏమిటో ఎరగని జనం. 1750 నాటి మాడ్రిడ్ సంధి, 1777 నాటి సాన్ ఇల్డెఫోన్సో సంధి ఈ నదిని ఇద్దరు రాజుల మధ్య కాగితం మీద పంచాయి. ఆ రెంటి మధ్య, 1766లో, పోర్చుగీసువారు టబాటింగా దగ్గర ఒడ్డు మీద కోట కట్టారు. పైనుంచి వచ్చే ప్రతి పడవనూ ఆపగల చోటది. ఆ కోట ఇవాళ లేదు. ఒడ్డు కోసుకుపోయి నదిలో కలిసిపోయింది. సరిహద్దును నిలబెట్టడానికి కట్టిన కోటనే నది తినేసిందంటే, తర్వాతి కథంతా అందులో ఉన్నట్టే.

కోట పోయినా గీత మిగిలింది. 1851లో పెరూ, బ్రెజిల్ కుదుర్చుకున్న ఒప్పందం టబాటింగా నుంచి ఉత్తరాన అపపోరిస్ నది కలిసే చోటు దాకా ఒక తిన్నని గీత గీసింది. అడవిలో ఎవరూ నడిచి చూడని గీత అది. ఆ గీతకు ఇవతల, తన నది చివరి అంగుళం దగ్గర, 1867 ఏప్రిల్ 25న పెరూ కెప్టెన్ బెనీన్యో బుస్టమాంటె ఒక కావలి ఊరు నెలకొల్పాడు. మొదట సాన్ అంటోనియో అన్నారు. కొద్ది నెలలకే, ఇకీటోస్‌లో ఉండే లెటీసియా స్మిత్ అనే యువతి మీద అభిమానంతో ఒక ఇంజనీరు ఆ పేరు మార్చాడని చెబుతారు. ఊరి పుట్టుక గురించి ఇందులో గమనించవలసింది ప్రేమకథ కాదు. ఇప్పుడు కొలంబియా తన దక్షిణపు కొస అని చెప్పుకునే పట్టణాన్ని కట్టింది పెరూ. పేరు ఇకీటోస్ నుంచి వచ్చింది. జనం, సరుకు, పుకార్లు అన్నీ ఇకీటోస్ నుంచే నది వెంట వచ్చేవి. అప్పుడు లెటీసియా ఎవరికీ మారుమూల కాదు. నది మీద పోయే ఆవిరి ఓడలకు దారిలోని మజిలీ.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. రాజధానులు దూరంగా ఉండి పట్టించుకోకపోతే నదీతీరాన ఏం జరుగుతుందో పుటుమాయో చూపించింది కదా, రాజ్యం రాకపోవడమే అసలు కీడు కదా అని. లెటీసియాకు ఉత్తరాన పుటుమాయో నది పొడుగునా హూలియో సెసార్ అరానా రబ్బరు సామ్రాజ్యం నడిచింది. ఉయ్టోటో, బోరా, ఆండోకె, ఒకాయినా జాతులవారిని కొరడాలతో, సంకెళ్ళతో, ఆకలితో పనిచేయించి రబ్బరు పాలు తీయించారు. కంపెనీ 1907లో లండన్‌లో నమోదైంది. 1909లో అమెరికన్ ఇంజనీరు వాల్టర్ హార్డెన్‌బర్గ్ లండన్ పత్రికలో ఆ ఘోరాన్ని బయటపెట్టాడు. 1910లో బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ వెళ్ళి విచారించాడు, 1912లో ఆ నివేదిక అచ్చయింది. చనిపోయినవారు 30,000 దాకా ఉంటారని అతని అంచనా. ఇంత జరిగిన చోట రాజ్యం వద్దనగలమా? కానీ ఆ శూన్యం ఎలా ఏర్పడిందో చూడాలి. ఆ ప్రాంతం తమదంటే తమదని తగవులాడుకుంటున్న కొలంబియా, పెరూ 1906లో ఒక తాత్కాలిక ఏర్పాటు చేసుకుని పుటుమాయో నుంచి తమ తమ అధికారులను, సైనికులను వెనక్కు తీసుకోవడానికి ఒప్పుకున్నాయి. తగవు తీరేదాకా నేల ఎవరిదీ కాదన్నమాట. ఎవరిదీ కాని నేల మీద అరానాకు అడ్డెవరు? అక్కడ రాజ్యం లేకపోవడం దూరం వల్ల కాదు, ఒప్పందం వల్ల. అదీగాక ఆ కంపెనీకి వాటాదారులు, డైరెక్టర్లు లండన్‌లో ఉన్నారు. పుటుమాయో రబ్బరుకు లండన్ దూరం కానప్పుడు, పుటుమాయో మనుషులకు బొగోటా, లిమా దూరమవడం భూగోళం తప్పు కాదు.

అయినా ఆ ఘోరం నుంచి రాజధానులు నేర్చుకున్న పాఠం మనుషులను కాపాడాలని కాదు, గీత త్వరగా గీయాలని. 1922 మార్చి 24న లిమాలో పెరూ విదేశాంగ మంత్రి అల్బెర్టో సాలమోన్, కొలంబియా ప్రతినిధి ఫాబియో లొసానో సంతకం చేసిన ఒడంబడిక అలా పుట్టింది. పుటుమాయో నది చాలామటుకు సరిహద్దు. తర్వాత యాగువాస్ నది కలిసే చోటు నుంచి అటాకువారి దాకా తిన్నని గీత. అక్కడి నుంచి అమెజాన్ లోతు పాయ వెంట, 1851 నాటి బ్రెజిల్ గీత దాకా. బదులుగా, 1916లో ఈక్వడార్ నుంచి కొలంబియాకు వచ్చిన ఒక త్రికోణపు నేలను పెరూ తీసుకుంది. తాను ఇచ్చిన నేల తన ప్రత్యర్థి చేతికి వెళ్ళిందని ఈక్వడార్ మండిపడింది. బ్రెజిల్ అభ్యంతరం చెబితే 1925లో వాషింగ్టన్‌లో రాజీ కుదిర్చారు. 1928లో ఒడంబడిక అమల్లోకి వచ్చింది. 1930 ఆగస్టు 17న లెటీసియా చేతులు మారింది. అందులో ఉన్నది దాదాపు అంతా పెరూవారే. పెరూ అధ్యక్షుడు లెగియా ఆ తర్వాత వారం తిరగ్గానే సైనిక తిరుగుబాటులో పడిపోయాడు. ఇన్ని రాజధానులు మాట్లాడుకున్న ఈ బేరంలో లెటీసియా వారిని గానీ, ఇకీటోస్ ఉన్న లోరెటో ప్రాంతం వారిని గానీ, టికునాలను గానీ ఎవరూ ఒక్క మాట అడగలేదు. పటం మీద ఆ ముక్క ఆకారం ట్రెపీజియం కావడానికి కారణం ఇదే. నది గానీ గట్టు గానీ అలాంటి ఆకారం గీయవు. రూళ్ళకర్ర గీస్తుంది.

రెండేళ్ళకే గీత విరిగింది. 1932 సెప్టెంబరు 1 తెల్లవారుజామున ఇకీటోస్ వైపు నుంచి వచ్చిన యాభైమందికి లోపు సాయుధ పౌరులు లెటీసియాను పట్టుకుని కొలంబియా అధికారులను వెళ్ళగొట్టారు. వెనుక స్వార్థాలు లేకపోలేదు. దగ్గర్లోని లా విక్టోరియా చెరుకు తోట యజమానికి నష్టపరిహారం గొడవ ఉంది, పుటుమాయో పోయిందన్న అరానా కోపం ఉంది. అయితే వాటికి ఊపిరి ఇచ్చింది లోరెటో జనం మనసులోని కుతకుత. లిమాలో అధ్యక్షుడు సాంచెస్ సెర్రో మొదట తటపటాయించి తర్వాత వెనకేసుకొచ్చాడు. బొగోటాలో దేశభక్తి కట్టలు తెంచుకుంది, యుద్ధనిధికి జనం పెళ్ళి ఉంగరాలు ఇచ్చారు. అంతా బాగానే ఉంది, సైన్యం లెటీసియాకు వెళ్ళడం ఎలా? దారి లేదు. పారిస్‌లో రాయబారిగా ఉన్న జనరల్ అల్ఫ్రెడో వాస్కెస్ కోబో ఫ్రాన్స్‌లో ఓడలు కొని, అట్లాంటిక్ దాటి, అమెజాన్ ముఖద్వారం నుంచి బ్రెజిల్ నీళ్ళ మీదుగా వేల కిలోమీటర్లు ఎగువకు ప్రయాణించాడు. కొలంబియా తన సొంత పట్టణానికి వెళ్ళడానికి ఐరోపాలో బయలుదేరి పరాయి నదిలోంచి రావలసి వచ్చిందన్నమాట. ఇంతకంటే నా వాదానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నది మీద లెటీసియా అందరికీ అందుబాటులో ఉంది, దాన్ని ఏలే రాజధానికి తప్ప. 1933 ఫిబ్రవరిలో పుటుమాయో మీది తారాపకాను, మార్చిలో గుఎపీని కొలంబియా పట్టుకుంది. ఏప్రిల్ 30న లిమాలో సాంచెస్ సెర్రోను కాల్చి చంపారు. తర్వాత వచ్చిన బెనావిడెస్ మాటలకు సిద్ధపడ్డాడు.

అప్పుడు జరిగింది ఆ కాలానికి కొత్త. 1933 మే 25న జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం నానాజాతి సమితి లెటీసియాను ఏడాది పాటు తన చేతుల్లోకి తీసుకుంది. అమెరికా, బ్రెజిల్, స్పెయిన్‌ల నుంచి ఒక్కొక్క అధికారి, క్యూబా నుంచి కార్యదర్శి కలిసి ఊరిని పాలించారు. కావలికి నిలిచిన కొలంబియా సైనికులే చేతికి సమితి పట్టీ కట్టుకుని అంతర్జాతీయ సైనికులయ్యారు. తర్వాతి కాలపు ఐక్యరాజ్యసమితి శాంతిసేనలకు ముందు నమూనాల్లో దీన్ని లెక్కిస్తారు. 1934 మే 24న రియో ఒడంబడిక జరిగింది, జూన్ 19న ఊరు కొలంబియాకు తిరిగి వచ్చింది. ఈ ఏడాది గురించి రాసేవారు దీన్ని సమితి విజయంగానే చెబుతారు. కాదనను, మంచూరియాలో చతికిలబడిన సంస్థకు ఇది నిజంగా గెలుపే. కానీ ఆ గెలుపు ఎంత మేరకో కూడా చూడాలి. కాపాడింది 1922 గీతను. ఆ గీత నదిని బట్టి మారితే ఏం చేయాలన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత లెటీసియాలో రబ్బరు పోయి అడవి జంతువుల ఎగుమతి వచ్చింది, అది పోయి 1970లలో కొకెయిన్ డబ్బు వచ్చింది, ఇప్పుడు పర్యాటకులు వస్తున్నారు. సాయంత్రం సాంటాండర్ పార్కు చెట్ల మీదికి వేలాదిగా దిగే చిలుకల రొద వాళ్ళకు పెద్ద వేడుక.

ఇంకో ఆక్షేపణ మరింత సూటిగా ఉంటుంది. మాటల గారడీ ఎందుకు, రోడ్డు లేని ఊరు, బొగోటా నుంచి విమానంలో సరుకు తెచ్చుకునే ఊరు మారుమూల కాకపోతే మరేమిటి? నిజమే, బొగోటా నుంచి చూస్తే దూరమే. అయితే లెటీసియా బతుకుతున్నది ఆ దూరం మీద కాదు. విమానాల్లో బొగోటాకు వెళ్ళే పెద్ద పెద్ద జెల్ల జాతి చేపల్లో చాలా భాగం బ్రెజిల్, పెరూ నీళ్ళలో పట్టినవి. వాటిలో ఒకటైన డొరాడో అట్లాంటిక్ ముఖద్వారం నుంచి ఆండిస్ పాదం దాకా ఈదుతుంది, మంచినీటి చేపల్లో దాన్ని మించిన వలస లేదంటారు. ఆ చేపకు మూడు దేశాలు ఉన్నట్టు తెలియదు. దాన్ని ఏ పరిమాణంలో పట్టవచ్చో, ఏ నెలల్లో పట్టకూడదో చెప్పే నియమాలు మాత్రం దేశానికొకటి. ఒక ఒడ్డున నిషేధం ఉన్న నెలలో పక్క ఒడ్డున వల పడుతుంది. మూడు ఊళ్ళలోనూ తినే కర్రపెండలం పిండి ఒకటే, ఇటు ఫరీన్యా, అటు ఫరీన్య. అంగళ్ళలో పెసో, రియల్, సోల్ మూడూ చెల్లుతాయి. మాటలో స్పానిష్, పోర్చుగీసు కలగలుస్తాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మే నెలలో కొలంబియా మొత్తంలో జనాభా నిష్పత్తిన ఎక్కువ కేసులు అమజోనాస్‌లోనే. అప్పటికే మనౌస్ కుదేలైంది, రోగం నది వెంట పైకి వచ్చింది. లెటీసియా వీధిలోని గీత మీదికి బొగోటా సైనికులను పంపింది. గీత మూయడానికి దూరం అడ్డురాలేదు, వైద్యం అందించడానికి మాత్రం అడ్డొచ్చింది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నది మాత్రం ఒకే రోగుల గుంపు.

ఇప్పటి తగవుకు వద్దాం. అమెజాన్ ఇక్కడ ఏటా పది మీటర్లకు పైగా లేచి పడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో నిండు, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎండ. ఒక ఒడ్డు కోస్తుంది, ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. లంక భూములు ఎరిగినవారికి దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. లెటీసియా దగ్గర లోతు పాయ కొన్ని దశాబ్దాలుగా దక్షిణానికి, పెరూ వైపుకు జరుగుతోంది. రేవు ముందు ఇసుక పెరుగుతోంది. ఇలాగే సాగితే ఎండకాలంలో లెటీసియాకు నదే అందని రోజు వస్తుందని కొలంబియా ఇంజనీర్లు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. ఆ మేటల మధ్యే సాంటా రోసా ఊరు పెరిగింది. 2025లో పెరూ పార్లమెంటు సాంటా రోసాను ఒక జిల్లాగా ప్రకటిస్తూ చట్టం చేసింది. ఆగస్టులో కొలంబియా అధ్యక్షుడు గుస్తావో పెట్రో అది ఏకపక్షపు ఆక్రమణ అన్నాడు, ఆగస్టు 7న జరిగే, స్వాతంత్ర్య పోరాటపు బొయాకా యుద్ధ ఉత్సవాన్ని లెటీసియాకు మార్చాడు. వారం తిరగ్గానే పెరూ అధ్యక్షురాలు డీనా బొలుఆర్టె సాంటా రోసాకు వచ్చింది. 1929లో ఇరుదేశాల కమిషన్ లంకలను పంచినప్పుడు సాంటా రోసా లేదు గనుక అది ఎవరికీ కేటాయించలేదన్నది కొలంబియా మాట. అప్పుడు పెరూకు వచ్చిన చినేరియా లంకలో అది భాగమేనన్నది పెరూ మాట.

ఎవరి మాట నెగ్గాలి? న్యాయశాస్త్రం దగ్గర కొంత జవాబు ఉంది. నది మెల్లమెల్లగా జరిగితే లోతు పాయతో పాటు గీతా జరుగుతుంది, వరదలో ఒక్కసారిగా కొత్త పాయ తవ్వుకుంటే గీత పాతచోటే ఉంటుంది. ఇది వినడానికి చక్కగా ఉంటుంది. కానీ గీత లోతు పాయతో జరిగితే, ఇన్నేళ్ళూ పెరూ బడి, పెరూ పోలీసు ఉన్న సాంటా రోసా జనం నిద్రలేచేసరికి దేశం మారతారు. జరగకపోతే, నది కోసమే పుట్టిన లెటీసియాకు నది పోతుంది. ఏదో ఒకటి నెగ్గించాల్సిందేనని, సరిహద్దు అన్నాక కచ్చితంగా ఉండాలని వాదించేవారి ఆందోళనను నేను తోసిపుచ్చను. ఒక్క లంక దగ్గర గీత సడలిస్తే దక్షిణ అమెరికాలోని ప్రతి నది మీదా తగవు లేస్తుందన్న భయం ఉత్తిది కాదు. అయితే వారు కోరే కచ్చితత్వం నేల విషయంలో సాధ్యం, నీటి విషయంలో కాదు. నేల ఎవరిదన్నది కదలకుండా ఉంచి, నీరు ఎవరికి అందాలన్నది వేరుగా తేల్చుకోవడానికి అడ్డేమీ లేదు. సాంటా రోసా పెరూలోనే ఉండవచ్చు. రేవు దాకా పాయ తవ్వే పని, మేట తొలగించే పని, చేపల నిషేధ నెలలు, ఆసుపత్రి పడకలు మూడు ఊళ్ళూ కలిసి చూసుకోవచ్చు, అందులో టికునాలకు ఈసారైనా ఒక కుర్చీ వేయవచ్చు. 2024 సెప్టెంబరులో టబాటింగా దగ్గరి కొలమానంలో నీటిమట్టం సున్నా గీత కిందికి, లెక్కలు మొదలయ్యాక ఎన్నడూ లేనంత దిగువకు పడిపోయింది. ఆ నెలల్లో ఏ దేశపు పడవైనా ఒకే ఇసుకలో కూరుకుపోయింది. జెండా మార్చినంత మాత్రాన ఇసుక తగ్గదు. 1934 రియో ఒడంబడిక ఈ దారిని మూయలేదు కూడా. 1922 ఒడంబడికను పరస్పర అంగీకారంతో మార్చుకోవచ్చని అందులోనే రాసి ఉంది. ఇన్నేళ్ళలో ఆ వాక్యాన్ని ఎవరూ వాడుకోలేదు.